ముల్లా, పన్నా, పిన్నా: మొనదేలిన కొసలకు తెలుగులో ఎన్ని పేర్లు?

ఫోర్కు చివర ఉండే నాలుగు మొనలు, ట్రాక్టరు కల్టివేటరు నుంచి నేలలోకి దిగే ఇనుప కాళ్ళు, దుప్పి కొమ్ముకు చీలిన కొసలు, శృతిదండానికి (ట్యూనింగ్ ఫోర్కుకు) ఉన్న రెండు చేతులు. వీటన్నిటికీ ఇంగ్లీషులో ఒకటే మాట: టైన్. దానికి వేలు విడిచిన చుట్టం లాంటిది ప్రాంగ్. ప్లగ్గు దగ్గర, ఉంగరంలో రాయి దగ్గర ఎక్కువగా వినిపించేది ఇదే. హైదరాబాదులో కూర్చుని పనిముట్ల మాన్యువళ్ళో పాఠ్యపుస్తకాలో తెలుగు చేసేవాళ్ళకు ఈ రెండు మాటలూ తరచూ కాలికి అడ్డం పడతాయి. నిఘంటువు తీస్తే ముల్లు, పన్ను, కొన అంటూ వరసగా పోసి ఊరుకుంటుంది. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పదు.

చిక్కు ఎక్కడుందంటే, ఇంగ్లీషు మాట ఆకారాన్ని చూసి పెట్టింది. ఒక మొదలు నుంచి బయటికి పొడుచుకొచ్చిన కొస అయితే చాలు, టైన్ అయిపోతుంది. తెలుగు ఆకారం దగ్గర ఆగదు, ఆ కొస ఏం పని చేస్తోందని అడుగుతుంది. గుచ్చేదైతే ముల్లు. తోటివాటితో వరసలో నిలబడి పనిచేసేదైతే పన్ను. తల మీద పెరిగేదైతే కొమ్ము. కొసల కంటే అవి విడిపోయిన చోటు ముఖ్యమైతే పంగ. కరెంటు మోసేదైతే మాత్రం పిన్ను. అక్కడ తెలుగు చేతులెత్తేసింది, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ముల్లు చేసే రెండు పనులు

ముల్లు అచ్చంగా మన మాట. తమిళంలో ముళ్, కన్నడంలో ముళ్ళు, అన్నీ ఒక ఇంటివే. తుమ్మ ముల్లు, పల్లేరు ముల్లు, చేప ముల్లు, కంచెకు కట్టే ముళ్ళ తీగ ఇవన్నీ గుచ్చే పని చేసేవి. ఎద్దును అదిలించే ములుగర్రలో ఉన్నదీ ఈ ముల్లే.

రెండో పని చూపించడం. గడియారంలో పెద్ద ముల్లు, చిన్న ముల్లు ఎవరినీ గుచ్చవు. సన్నగా సాగి, కొసతో ఒక అంకెను చూపిస్తాయి, అంతే. చార్మినార్ నాలుగు వైపులా 1889లో బిగించిన గడియారాల కింద నిలబడి ఒక్కసారి చెవి ఒగ్గితే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకు కనిపించేవి గడియారం చేతులు. ఉర్దూవాళ్ళకు సూయీలు, అంటే సూదులు. మనకు ముళ్ళు. వస్తువు ఒకటే అయినా ఒకరికి చెయ్యి, ఒకరికి సూది, ఒకరికి ముల్లు.

ఈ చూపించే ముల్లు హైదరాబాదు భాషలో ఇంకో చిత్రం చేసింది. పాత తక్కెడకు దండె మధ్యలో నిలువుగా ఒక ముల్లు ఉంటుంది. రెండు సిబ్బెలూ (తూకం పళ్ళేలు) సమానమైతే అది నిట్టనిలువుగా ఆగుతుంది. ఉర్దూలో ముల్లును కాంటా అంటారు, సంస్కృత కంటకం నుంచి వచ్చిన మాట. తక్కెడలో ఉన్న ఆ చిన్న కాంటా పేరు పోను పోను తక్కెడ మొత్తానికీ అంటుకుంది. ముల్లు పేరు యంత్రానికి వచ్చింది, ఆ తర్వాత యంత్రంలోంచి ముల్లే మాయమైంది. ఇవాళ లారీని తూచే డిజిటల్ వేబ్రిడ్జిలో ముల్లు వెతికినా దొరకదు, అయినా అది ధరమ్ కాంటాయే. వడ్ల కొనుగోలు కేంద్రంలో "కాంటా అయిందా?" అంటే తూకం అయిందా అని. 40 కిలోల బస్తాలు గుట్టలుగా పడి ఉన్నా కాంటా కాకపోతే రైతు ఇంటికి కదలడు.

అందుకే తెలంగాణ వార్తల్లో కాంటా కనిపించిన ప్రతిచోటా దాన్ని ముల్లుగా మార్చకూడదు, తూకంగానే చదవాలి. అదే కాంటా పెళ్ళి భోజనాల దగ్గర చంచా పక్కన కనిపిస్తే ఫోర్కు. ప్లేటులో చేప ఉంటే చేప ముల్లు. పక్కన ఏముందో చూసి అర్థం చెప్పుకోవాల్సిందే.

తక్కెడ ముల్లు గురించి ఒక పనికొచ్చే మాట. సిబ్బెలు ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు నిలువుగా ఆగినంత మాత్రాన తక్కెడ నిజాయితీగలదని నమ్మకూడదు. దండె రెండు చేతుల పొడవులో తేడా ఉంటే, తేలికైన వైపు కాస్త బరువు అతికించి ముల్లును మధ్యకు తేవచ్చు. ఖాళీగా సరిగ్గా నిలుస్తుంది, సరుకు పడగానే అబద్ధం చెబుతుంది. పట్టుకోవడం తేలికే. ఒకే సరుకును ఒకసారి కుడి సిబ్బెలో, ఒకసారి ఎడమ సిబ్బెలో పెట్టి తూచాలి. ఒకవైపు 980 గ్రాములు, ఇంకోవైపు 1,020 గ్రాములు వచ్చాయనుకోండి, చేతుల పొడవులు వేరు. అసలు బరువు ఆ రెండు అంకెల లబ్ధానికి వర్గమూలం, అంటే సుమారు 999.8 గ్రాములు. తేడా ఇంత చిన్నదైతే సగటు తీసినా సరిపోతుంది. ఇక ముల్లు అసలు ఆడకుండా బిగుసుకుపోతే పొడవుల తప్పు కాదు, దండె ఆనే అంచు తుప్పు పట్టిందనో అరిగిందనో అర్థం.

పన్ను ఒంటరిగా పనిచేయదు

దువ్వెనలో ఒక్క పన్ను మాత్రం మిగిలితే దానితో పాపిడి తీసుకోవచ్చేమో గానీ తల దువ్వుకోలేం. రంపమూ అంతే, గేరు చక్రమూ అంతే. వరసలో పక్కదానితో కలిసి, మధ్యలో సందు వదిలి, ఆ సందుతోనే సగం పని చేయించుకునేది పన్ను. దువ్వెనలో చిక్కు విడేది పళ్ళ మధ్య. గేర్లలో ఒక చక్రం పన్ను కూర్చునేది రెండో చక్రం పళ్ళ మధ్య. పన్నుకు సందు ఎంత అవసరమో చూడండి. ముల్లుకు ఆ అవసరం లేదు, ఒక్కటున్నా కాల్లో దిగుతుంది.

మరి ఫోర్కుకు నాలుగు వరసలో ఉన్నాయి కదా, వాటినెందుకు పళ్ళు అనం? ముక్కను గుచ్చి ఎత్తడమే దాని మొదటి పని కాబట్టి. ముళ్ళ చెంచా అన్న పాత అనువాదం ఇలా ఆలోచించి చేసిందే. ఇప్పుడు ఎవరూ అలా అనడం లేదు. ఫోర్కు అంటే చాలు, కొసల గురించి చెప్పాల్సి వస్తే "ఫోర్కు ముళ్ళు" అంటే తెలుగు చెవికి ఇంపుగానే ఉంటుంది. తోటలో ఆకులు లాగే రేక్ అనే పనిముట్టు మాత్రం దేన్నీ గుచ్చదు, వరసగా గీరి పోగేస్తుంది. దానివి పళ్ళే.

బహువచనం దగ్గర ఒక చిన్న గండం ఉంది. పన్నుకు పాత బహువచనం పండ్లు, తర్వాత అది పళ్ళు అయింది. ఇల్లు ఇండ్లు, కన్ను కండ్లు, ముల్లు ముండ్లు, అన్నీ అదే దారి. కోస్తా రాత ళ్ళ వైపు జరిగిపోతే తెలంగాణ నోరు ండ్ల దగ్గరే ఉండిపోయింది. కాబట్టి హైదరాబాదులో "దువ్వెన పండ్లు విరిగినయ్" అంటే అది తప్పు తెలుగు కాదు, పాత తెలుగు. సరిదిద్దే పని పెట్టుకోవద్దు. పండుకు బహువచనమూ పండ్లే కదా, గందరగోళం కాదా అని అడిగేవాళ్ళుంటారు. పండ్ల డాక్టరు దగ్గరికి జామకాయలు పట్టుకుపోయినవాళ్ళు ఇంతవరకూ లేరు.

వ్యవసాయంలో ఈ మాటల పంట ఇంకా చిక్కగా ఉంటుంది. దంతె అన్న పేరులో దంతం వినిపిస్తుంది, అయితే జిల్లా మారితే ఆ పేరుతో చూపించే పనిముట్టు ఆకారమూ మారుతుంది. పేరు చూసి బొమ్మ వేయకూడదు. గొర్రు సంగతి వేరు, అది విత్తనం వేసే సాధనం. అడ్డంగా ఒక దుంగ, దాని నుంచి నేలలోకి దిగే కాళ్ళు, ఒక్కో కాలి వెనక్కి ఒక్కో వెదురు గొట్టం, గొట్టాలన్నీ కలిసే చోట పైన గిన్నె లాంటి జడ్డిగం. ఒకరు ఎద్దులను నడిపిస్తుంటే ఇంకొకరు జడ్డిగంలో గింజలు వదులుతూ వెనక నడుస్తారు. కాళ్ళ మధ్య దూరమే సాళ్ళ మధ్య దూరం. ఒక గొట్టంలో తడి మట్టి ఇరుక్కుంటే ఆ సాలు ఖాళీ పోతుంది, కాని ఆ సంగతి మొలకలు వచ్చాకే బయటపడుతుంది. అందుకే మలుపు తిరిగే ప్రతిసారీ గొర్రు ఎత్తి గొట్టాల కొసలు చూసుకోవాలి.

ట్రాక్టరు కల్టివేటరు వచ్చాక మాట మళ్ళీ ఊగిసలాడింది. నాగళ్ళు అనేవాళ్ళున్నారు, పళ్ళు అనేవాళ్ళున్నారు, నేరుగా టైన్లు అనేసేవాళ్ళూ ఉన్నారు. మా లెక్కలో పళ్ళు సరిపోతుంది. నాగలి నేలను మొదట దున్నడానికి, ఇది అప్పటికే దున్నిన మట్టిని గీరి గుల్ల చేయడానికి. పళ్ళు సాధారణంగా తొమ్మిదో పదకొండో ఉంటాయి, అన్నీ ఒకే వరసలో ఉండవు, ముందూ వెనకా రెండు వరసల్లో ఎడం ఎడంగా పెడతారు. ఎందుకంటే అన్నీ ఒకే గీతలో ఉంటే మోళ్ళు, చెత్త పళ్ళ మధ్య ఇరుక్కుని కల్టివేటరు నేలను గీరడం మాని చెత్తను ఈడ్చుకుపోతుంది. సందు లేని పన్ను పన్ను కాదన్నది ఇక్కడ చేలో కనిపిస్తుంది.

రాళ్ళున్న నేలకు స్ప్రింగు ఉన్న పళ్ళు కావాలి. రాయి తగలగానే పన్ను వెనక్కి వంగి, దాటాక స్ప్రింగు లాగి మళ్ళీ చోటికి తెస్తుంది. స్ప్రింగు లేనిదైతే పన్ను వంగిపోతుంది, లేదా బోల్టు తెగుతుంది. నేలను తాకే మొన విడిగా ఉంటుంది, రెండు బోల్టులతో బిగిస్తారు. దానికి రెండు చివరలూ పదునే. ఒకటి అరిగాక విప్పి, తిప్పి బిగించుకోవచ్చు. ముందు అరిగేవి ట్రాక్టరు చక్రాల జాడలో నడిచే పళ్ళు, అక్కడ మట్టి నొక్కుకుపోయి గట్టిగా ఉంటుంది మరి. కాబట్టి తనిఖీ వాటి నుంచే మొదలుపెట్టాలి. ముందు వరస లోతుగా, వెనక వరస పైపైన నడుస్తోందా? అది పళ్ళ లోపం కాదు, టాప్ లింకు, అంటే కల్టివేటరును పైనుంచి ట్రాక్టరుకు కలిపే కడ్డీ, పొట్టిగా ఉంది. కొంచెం పొడిగిస్తే రెండు వరసలూ సమం అవుతాయి.

ఇక్కడ పన్ను, మొన అన్న రెండు మాటలూ కలిపేయకూడదు. మొన అంటే చివరి కొస, పన్ను అంటే కొసతో సహా మొత్తం కాలు. "మొన అరిగింది" అంటే చిన్న ఖర్చు, "పన్ను విరిగింది" అంటే పెద్ద ఖర్చు. మాన్యువల్ తెలుగులో ఇవి తారుమారైతే సికింద్రాబాదులో రాణిగంజ్‌ బజారు దాకా వచ్చిన రైతు తప్పు సామాను కొనుక్కుని పోతాడు.

పిన్ను దగ్గర తెలుగు ఎందుకు ఆగింది

హైదరాబాదులో కరెంటు సామాన్లు అమ్మే ట్రూప్ బజారులో ఎవరినైనా "మూడు ముళ్ళ ప్లగ్గు ఇవ్వండి" అని అడిగి చూడండి. త్రీ పిన్ అంటేనే సరుకు చేతికొస్తుంది. మూడు ముళ్ళు అంటే తెలుగువాడికి తాళిబొట్టు గుర్తుకొస్తుంది. అది ముడికి బహువచనం, దీనికి సంబంధమే లేదు, కాని ఉచ్చారణ ఒకటే కావడం వల్ల ఆ మాట ఇంకో వస్తువుకు దొరకడం కష్టం. పైగా ప్లగ్గు పిన్నుకు మొన లేదు. అది గుచ్చదు, సరిగ్గా తన కొలత రంధ్రంలో కూర్చుంటుంది. గుచ్చనిదాన్ని, దేన్నీ చూపించనిదాన్ని ముల్లు అనడానికి మన నోరు ఒప్పదు.

కొలతలు చూస్తే ఈ కూర్చోవడం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. మన దేశంలో 6 ఆంపియర్ల ప్లగ్గుకు కింది రెండు పిన్నులూ సుమారు 5 మిల్లీమీటర్ల లావు, పైన ఎర్తు పిన్ను సుమారు 7. అదే 16 ఆంపియర్లదైతే కిందివి సుమారు 7, ఎర్తు దాదాపు 8.7 మిల్లీమీటర్లు. ఎర్తు పిన్ను లావుగా ఉండేది కరెంటు రంధ్రంలో పొరపాటున కూడా దూరకుండా. పొడుగ్గా ఉండేది, ప్లగ్గు పెట్టేటప్పుడు అందరికంటే ముందు తగలడానికి, తీసేటప్పుడు అందరికంటే ఆఖర్న వదలడానికి. వస్తువులోకి కరెంటు చేరే ముందే ఎర్తు సిద్ధంగా ఉంటుంది. సాకెట్లో కింది రంధ్రాలకు మూత ఉంటే, దాన్ని తెరిచేదీ ఈ పొడుగు పిన్నే.

చాలా ఫోన్ చార్జర్ల రెండు పిన్నులూ 4 మిల్లీమీటర్లే. 5 మిల్లీమీటర్ల రంధ్రంలో అవి వదులుగా వేలాడతాయి. చార్జరు లాగే కరెంటు తక్కువ కాబట్టి పెద్ద ప్రమాదం లేదు గానీ, గీజరు దగ్గర ఈ వదులు పనికిరాదు. 2,000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని అడాప్టరు తగిలించి 6 ఆంపియర్ల సాకెట్లో పెడితే తగులు చోటు వేడెక్కుతుంది, నల్లబడుతుంది, తర్వాత ప్లాస్టిక్కు కరుగుతుంది. ఇత్తడి పిన్ను మధ్యలో నిలువుగా చీలిక కనిపిస్తే అది స్ప్రింగు లాంటి బిగువు కోసం పెట్టింది. చీలిక నొక్కుకుపోయిన పిన్ను రంధ్రంలో చిటపటమంటుంది. బ్లేడు పెట్టి చీలిక వెడల్పు చేసే అలవాటు చాలామందికి ఉంది. అది ఒక పూటకు సర్దుబాటు, అంతే. నల్లబడిన పిన్నుతో పాటు దాన్ని నల్లగా చేసిన సాకెట్టూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది.

ఉంగరంలో రాయిని పట్టుకునే చిన్న కొసలకూ ఇదే కథ. నగరంలో నగల దుకాణాల్లో ప్రాంగ్ సెట్టింగ్ అనే మాటే నడుస్తుంది. నాలుగు కొసలున్నదాని కంటే ఆరున్నది రాయిని భద్రంగా పట్టుకుంటుంది, ఒకటి విరిగినా మిగతా ఐదు ఆపుతాయి. పాత ఉంగరాన్ని మెత్తటి జార్జెట్ గుడ్డ మీద మెల్లగా లాగండి. దారం తగులుకుంటే ఒక కొస లేచిందని అర్థం, రాయి రాలేలోపు కంసాలి దగ్గరికి వెళ్ళాలి.

కొమ్ముకు కొమ్మలు

కొమ్ము విషయంలో తెలుగు కాస్త పొదుపు చేసింది, ఆ పొదుపు వల్ల జీవశాస్త్ర పాఠాల్లో ఇబ్బంది వస్తోంది. ఇంగ్లీషులో హార్న్, యాంట్లర్ అని రెండు మాటలున్న చోట మనకు ఒక్క కొమ్మే ఉంది. వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలిలో కృష్ణజింకలను చూడండి. మగవాటి కొమ్ములు మెలికలు తిరిగి నిటారుగా పోతాయి. ఎక్కడా చీలవు, ఎప్పటికీ రాలవు. లోపల ఎముక, పైన గోటి పదార్థపు తొడుగు. చుక్కల దుప్పి సంగతి పూర్తిగా వేరు. దాని కొమ్ము మొత్తం ఎముకే. ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తుంది, పెరిగేటప్పుడు పైన మెత్తటి నూగు చర్మం ఉంటుంది. ఒక్కో కొమ్ముకు సాధారణంగా మూడు కొసలు. ఒకటి నుదుటి దగ్గర ముందుకు పొడుచుకొస్తుంది, పై చివర రెండుగా చీలుతుంది. కణుజుకూ (సాంబారు దుప్పికీ) లెక్క మూడే.

ఈ కొసలను ముళ్ళు అంటే పొరపాటు, పళ్ళు అంటే నవ్వుతారు. కొమ్ముకు కొమ్మలు అంటే బొమ్మ కళ్ళ ముందుకొస్తుంది, చీలి పెరగడం అన్న అర్థమూ అందులో ఉంది. "మూడు కొమ్మల కొమ్ము" అని పాఠంలో రాస్తే పిల్లలకు వేరే వివరణ అక్కర్లేదు. ఇంకో మెలిక చూడండి. తెలంగాణ రాష్ట్ర జంతువుగా ప్రకటించిన జింక చుక్కల దుప్పి, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. రెండింటి పేర్లలో జింక ఉన్నా కొమ్ముల లెక్కన ఒకదానికొకటి పొంతన లేదు.

పంగ, పాయ, భుజం

చెట్టు కొమ్మ రెండుగా విడిపోయే చోటు పంగ. పంగలకర్రలో మన చూపు కొసల మీద ఉండదు, మధ్య ఖాళీ మీద ఉంటుంది. రబ్బరు కట్టేదీ, దడి మీద వాసం ఆనేదీ ఆ ఖాళీకే. నుదుటి మీద పంగనామం కూడా చీలిక వల్లే ఆ పేరు తెచ్చుకుంది. చీలిన కొసలు మెత్తగా ప్రవహించేవైతే పాయలు: జడకు మూడు, మెదక్ దగ్గర మంజీరకు ఏడు, అందుకే ఆ చోటు ఏడుపాయల. (హోటల్లో దొరికే పాయా వేరు, అది ఉర్దూలో కాలు.)

శృతిదండం దగ్గర పాఠ్యపుస్తకాలు భుజాలు అన్న మాట ఎంచుకున్నాయి, మంచి ఎంపిక. వాటికి మొన లేదు, అవి గుచ్చవు, జతగా ఊగుతాయి. 1711లో జాన్ షోర్ అనే బాకా వాద్యకారుడు చేసిన ఈ సాధనంలో కిటుకంతా ఆ జతలోనే ఉంది. రెండు భుజాలూ ఒకేసారి లోపలికి, ఒకేసారి బయటికి కదులుతాయి. ఒకదాని తోపును ఇంకొకటి రద్దు చేయడం వల్ల కాడ పక్కలకు ఊగదు, అందుకే చేత్తో పట్టుకున్నా శబ్దం ఆగదు. కాడ పైకీ కిందికీ రవ్వంత మాత్రం కదులుతుంది, బల్లకు ఆనించగానే మోత పెరిగేది దానివల్లే. భుజాల కొసలు ఆకురాయితో రుద్దితే బరువు తగ్గి శృతి పెరుగుతుంది. పంగ దగ్గర రుద్దితే బిగువు తగ్గి శృతి దిగుతుంది. బడి ల్యాబులో 512 హెర్ట్జ్ దండాన్ని బల్ల అంచుకేసి కొట్టే పిల్లలకు వినపడేది సగం దండం శబ్దం, సగం లోహపు కీచు. రబ్బరు మెత్త మీదనో అరచేతి మడమ మీదనో తట్టాలి.

వ్యూహానికి మొనలు అక్కర్లేదు

ఇంగ్లీషు పత్రికల్లో మూడు ప్రాంగుల వ్యూహాలు తరచుగా కనిపిస్తాయి. తెలుగు పత్రికలు దీన్ని ఎప్పుడో పరిష్కరించాయి: త్రిముఖ వ్యూహం. ముల్లూ కాదు, పన్నూ కాదు, ముఖం. మూడు పార్టీలు తలపడితే త్రిముఖ పోటీ, సైన్యం అయితే మూడు వైపుల నుంచి దాడి. త్రిశూలం చేతిలో పెట్టుకుని కూడా మనం వ్యూహానికి శూలం వాడలేదు. వ్యూహం కొసలు గుచ్చడానికి కాదు, వేర్వేరు దిక్కులకు తిరిగి చూడటానికి. ఈ మధ్య యంత్రానువాదాలను దిద్దేవాళ్ళకు "మూడు కోరల వ్యూహం" లాంటివి ఎదురవుతున్నాయి. కోరలంటే పులికో పాముకో ఉండేవి. ప్రభుత్వ పథకానికి కోరలు మొలిచిన ఆ వాక్యం చూశాక మాత్రం, దిద్దే ముందు ఇంకోసారి చదువుకుని నవ్వుకోవాలనిపిస్తుంది.